నానొల్ల అన్న పిల్లకు దండం

నీకు దండమే, నానొల్ల అన్న పిల్లా!

నీకు పేరైనా సరిగ్గా పెట్టరు. చిన్నది అంటారు, ఆఖరిది అంటారు, రాజుగారి గుంట అంటారు. కథ మొదలయ్యేసరికి అక్కలు పట్టుచీరలు కట్టుకుని సభలో కొలువై ఉంటారు. నువ్వు స్తంభం చాటున నుంచుంటావు. రాజు అడుగుతాడు, అక్కలు పలుకుతారు, సభ తలూపుతుంది. నీ వంతు వస్తుంది. అక్కడ ఊకొట్టే పిల్లలు ఊకొట్టడం మానేస్తారు. నాగావళి ఒడ్డు ఊరైనా, వంశధార ఒడ్డు ఊరైనా, చంపావతి అవతలి గట్టైనా ఇంతే. నువ్వేమంటావో వాళ్లకు తెలుసు. నిన్న రాత్రీ విన్నారు, మొన్న రాత్రీ విన్నారు. అయినా నీ నోటంట మళ్లీ వినాలి.

"బంగారమంత ఇస్టం అన్నాది పెద్దది. తేనంత ఇస్టం అన్నాది నడిపిది. మరి చిన్నదేటన్నాదో తెల్సునా?"

తెలుసు. ఉప్పంత అన్నావు.

ఆ ఒక్క మాటకు రాజు నిన్ను అడవికి తోలేశాడు. ఈ కథ లేని దేశం లేదు. ఇంగ్లీషు నాటకంలోని లియర్ రాజు ఆఖరి కూతురు కార్డీలియా నీ చుట్టమే. 1949లో వాహినీ వారి ‘గుణసుందరి కథ’లో కె.వి. రెడ్డి గారు నిన్ను శ్రీరంజని ముఖంతో తెర మీదికి తెచ్చారు. తండ్రి కన్నా మొగుడే దైవమన్నావక్కడ. నీ మొండితనాన్ని ఆ కాలం అంతవరకే ఓర్చుకుంది. నాకు మాత్రం ఉప్పు దగ్గరి నువ్వే ఇష్టం.

ఉప్పు సంగతి నౌపడ వాళ్లనడగాలి. సంతబొమ్మాళి మండలంలో, సముద్రం పక్కన, కనుచూపు మేర మడులు. ఉప్పునీటిని కాలవల్లోంచి మళ్లించి మడిలో నిలబెట్టి ఎండకు వదిలేస్తారు. నీరు రోజురోజుకూ చిక్కబడుతుంది. అంచుల వెంట తెల్లటి పొర లేస్తుంది, అడుగున గింజ కడుతుంది. పొడుగాటి కర్రకు పలక బిగించి ఆ గింజను నెమ్మదిగా గట్టుకు లాగుతారు. తొందరపడితే అడుగున మట్టి లేచి ఉప్పు నల్లబడుతుంది. మడమల పగుళ్లలోకి ఆ నీరు దిగితే ఎలా మండుతుందో దిగినవాళ్లకే తెలుసు. వేళకాని వేళ ఒక వాన పడిందా, అన్నాళ్ల పనీ నీళ్లపాలు. ఆ గట్ల మీద కూర్చుని నీ కథ చెబితే రాజు ఎంత తెలివితక్కువవాడో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు.

అయినా నీ గొప్పదనం ఆ మాట అనడంలో లేదు, తరవాత నువ్వు చేసిన పనిలో ఉంది. వంటమనిషివై తిరిగొచ్చావు. ముద్దపప్పు, వంకాయ కూర, ముక్కల పులుసు, చేపల ఇగురు, అన్నీ ఘుమఘుమలాడించి, ఒక్కదాంట్లోనూ ఉప్పు వెయ్యకుండా తండ్రి విస్తట్లో వడ్డించావు. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని నీ ముఖంలోకి చూశాడు. నువ్వు చూపు దించలేదు. కథ చెప్పే ముసలమ్మ ఇక్కడ కాసేపు ఆగుతుంది, తన ముఖం కూడా అలాగే పెట్టి. ఎన్ని విందుల్లో ఆవిడ తలొంచుకుని వడ్డించిందో మనకేం తెలుసు.

ఇంకో వింత చెప్పనా. పెళ్లి ఆలస్యమైన ఆడపిల్లల చేత రుక్మిణీకల్యాణం చదివించడం మన ఇళ్లలో ఆనవాయితీ. పోతన గారి పద్యాలు, స్నానం చేసి, దీపం ముందు కూర్చుని. చదివించేది పెద్దలు, కోరేది పెద్దలు కుదిర్చే సంబంధం. తీరా కథ ఏమిటి? అన్న కుదిర్చిన శిశుపాలుణ్ణి ఒల్లనని, బ్రాహ్మణుడి చేత రహస్యంగా కబురంపి, గుడికొచ్చే వేళకు రథం తెచ్చుకుని నన్ను తీసుకుపొమ్మని దారీ సమయమూ కూడా తానే చెప్పిన పిల్ల కథ! ఎంత భక్తిగా చదివించారమ్మా నీ కథను, లోపలున్నదేమిటో చూసుకోకుండా.

చూసుకున్నవాళ్లూ ఉన్నారు. అజ్జాడలో 1864లో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు గారు కాలికి గజ్జె కట్టి, రెండు చేతులా చిడతలు పట్టి నిన్ను సభల్లో నిలబెట్టారు. నిలువెత్తు మనిషి, ఉంగరాల జుట్టు, సింహం గొంతు. ఆ గొంతులోంచే రుక్మిణి మాట్లాడాలి, జానకి మాట్లాడాలి. ఒక హరికథకు ఆయన ‘జానకీ శపథం’ అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరులో రాముడు లేడు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెడితే తొలి అధ్యక్షుడు ఆయనే.

దాసుగారిది సభ. ఊళ్లల్లో నీకున్నది మద్దెల. తూర్పు భాగోతంలో నువ్వు సత్తిబామవి. పెట్రోమాక్స్ రోజుల నుంచి ట్యూబులైట్ల రోజుల దాకా ఆట అదే. ఇద్దరు తెర పట్టుకుంటారు. ముందు గజ్జెల చప్పుడు, తరవాత తెర మీంచి ఇవతలికి పడే జడ. బారెడు జడ, నాగరం దగ్గర్నుంచి కుప్పెల దాకా నగలతో. నన్ను ఆటలో, మాటలో మించినవాడుంటే వచ్చి ఈ జడ కొయ్యమని సవాలు. తెర వెనకున్నది మీసం తీయించుకున్న మగవాడని ఊరందరికీ తెలుసు. తెలిసినా తెర దిగేసరికి అక్కడున్నది నువ్వే. మద్దెలగాడు నీ మీద దరువుతో ఎగబడతాడు, నువ్వు అడుగుతో తిప్పికొడతావు. వాడు వేగం పెంచుతాడు, నువ్వు కంటి చివర నవ్వుతావు. చెమటకు రంగు కరిగి మెడ మీద చారలు కడుతున్నా పాదం తాళం తప్పదు. ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్లను చూడాలి అప్పుడు. చంకలో నిద్రపోతున్న పిల్లను లేపి మరీ చూపిస్తారు. దేవుణ్ణి వాకిట్లో నిలబెట్టి బతిమాలించుకున్నదాన్ని పిల్ల చూడొద్దూ!

ఇప్పుడు నీ పెద్ద కథలకు వస్తాను.

ఒకటే యుద్ధం, రెండు కోటలు, ఇద్దరు నువ్వులు. 1757 జనవరి 24. బొబ్బిలి కోట చుట్టూ ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు, విజయనగరం పూసపాటి విజయరామరాజు బలగం. ఇంగ్లీషు చరిత్రకారుడు ఓర్మ్ ఈ యుద్ధాన్ని రాశాడు. కోట నిలవదని తెలిశాక బొబ్బిలి రాజు రంగారాయుడి మాట మీద లోపలి ఆడవాళ్లనూ పిల్లలనూ సొంత మనుషులే చంపేశారని రాశాడు. ఆ ఆడవాళ్లు ఏమన్నారో ఆయన రాయలేదు. అనడానికి వాళ్లకు నోరుంటుందని తోచిందో లేదో.

ఆ ఖాళీలోకి కథకుడు దూరాడు. బొబ్బిలి కథ పాడినవాళ్లు రాణి మల్లమ్మదేవికి నోరిచ్చారు. పాట పాటకూ ఆ నోరు పెద్దదైంది. భర్తకు ధైర్యం చెప్పింది, తోడబుట్టిన తాండ్ర పాపారాయుడికి కబురంపింది, కోట లోపల తన చావు తానే ఎంచుకుంది. చివరికి 1964లో ‘బొబ్బిలి యుద్ధం’ సినిమాకు వచ్చేసరికి మల్లమ్మదేవి వేషం భానుమతి గారికి వెళ్లింది. భానుమతి నోరు విప్పితే ఎదుటి రాజెవరైనా సర్దుకు కూర్చోవలసిందే కదా. చరిత్ర కాగితం మీద ఒక్క మాట లేని మనిషి రెండు వందల ఏళ్లలో అంత మాటకారి అయింది.

రెండో నువ్వు ఇవతలి కోటలో ఉన్నావు. పైడిమాంబ, విజయరామరాజు చెల్లెలు. బొబ్బిలి మీదికి పోవద్దన్నది. అన్న వినలేదు. యుద్ధం గెలిచాడు, గుడారంలో పాపారాయుడి చేతిలో పోయాడు. ఒంటి మీద మశూచితో ఉన్న ఆ పిల్ల అన్నకు ముప్పుందని తెలిసి బండి కట్టించుకుని బయల్దేరింది. దారిలోనే ఆ కబురు ఎదురొచ్చింది. పడిపోయింది. పెద్దచెరువు పడమటి గట్టున నా ప్రతిమ దొరుకుతుంది, తీసి గుడి కట్టండని తోడొచ్చిన పతివాడ అప్పలనాయుడితో చెప్పి ప్రాణం వదిలిందని కథ. పైడితల్లి అమ్మవారు అలా పుట్టింది.

విజయదశమి వెళ్లిన మంగళవారం సిరిమాను చూడాలి. ఏ చింతచెట్టు కావాలో అమ్మవారు పూజారికి కలలో చెబుతుందట. ఆ చెట్టు యజమానిని అడిగి, పూజ చేసి, కొట్టి తెచ్చి, చెక్కి, నున్నగా చేసి రథం మీద బిగిస్తారు. మొదలు లావుగా రథం మీద, కొన సన్నగా ఆకాశంలో. ఆ కొసన పీట మీద పూజారి కూర్చుంటాడు. ఆ పూట ఆయనే అమ్మవారు. ముందు పాలధార, అంజలి రథం, ఏనుగు వాహనం, బెస్తవారి వల. కింద లక్షల జనం, పై నుంచి అరటిపళ్ల వాన. మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడి నుంచి కోట దాకా, మళ్లీ గుడి దాకా, మూడుసార్లు. పూసపాటి వారు కోట బురుజు మీద కూర్చుని చూస్తారు.

చెల్లెలు మూడుసార్లు అన్న కోట దాకా వచ్చి, మూడుసార్లు వెనక్కి తిరుగుతుంది. శాస్త్రం దీనికి ఏ అర్థం చెబుతుందో నాకక్కర్లేదు. ఆ వద్దన్న మాట ఇంకోసారి చెప్పిపోవడానికే ఏటేటా వస్తున్నావని నా నమ్మకం. యుద్ధం గెలిచిన రాజుకు జాతర లేదు.

ఇక ఆ కోటకు పిలుపు దూరంలోనే కాపురమున్న గురజాడ అప్పారావు గారి మీద నాకో ఫిర్యాదుంది. ఆయన నిన్ను ఒకచోట బతికించి, రెండుచోట్ల చంపారు.

బతికించింది మధురవాణిగా. ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. ఆ తొలి పుస్తకంలో నువ్వు చిన్నదానివి. 1909లో మళ్లీ రాశారాయన. రాస్తుంటే నువ్వు పెరిగావు. ఎవరి గుట్టు ఎవరి చేతికివ్వాలో, ఎవర్ని నవ్వించి వదిలెయ్యాలో, ఎవర్ని మంచం కింద దాచాలో అన్నీ నీ చేతిలోకి వచ్చేశాయి. తన కథనే తాను రెండోసారి చెప్పుకుంటూ, మొదటిసారి నీకెంత తక్కువ ఇచ్చానో చూసుకుని బాకీ తీర్చిన రచయిత ఆయన.

మూడేళ్లకు, 1912లో ‘కన్యక’. పాత కథే. పెనుగొండ, విష్ణువర్ధనుడు, వాసవి, ఆమెతో అగ్నిగుండంలో దిగిన నూట రెండు గోత్రాలవారు. కోమటింటి పూజగదిలో పటంగా ఉన్న కథ. దాన్ని ఆయన ముత్యాలసరంలో పెట్టారు, నడిచే మనిషి ఊపిరిలాంటి ఛందస్సులో. గోత్రాల లెక్క తీసేశారు. గుంపును పక్కకు తప్పించి నిన్నొక్కదాన్నే నిలబెట్టారు. నడివీధిలో నీ మీద చెయ్యి వెయ్యబోయిన రాజును నిలదీయడం సరే. అంతకుముందు సొంతవాళ్లను అడిగావు చూడు, అదీ నాకు కావలసింది. మీకు చేతులు లేవా, పౌరుషం లేదా, ఆడపిల్లను ఇలా అప్పజెప్పి బతికే బతుకేమిటని. చివర పట్టుకో చూద్దామని రాజునే పిలిచి మంటలోకి నడిచావు. కోట కూలింది, రాజు గర్వం మట్టిపాలైంది, ఆ చోట నక్కలు తిరిగాయి. బాగానే ఉంది. కానీ నువ్వు లేవు. ఆ ఏడే పూర్ణమ్మ కూడా పోయింది, ముసలి మొగుడింటికి పోకుండా దుర్గ గుడి కొలనులోకి.

నాకు కోపమే. మధురవాణిని అంత తెలివిగా నడిపించిన చెయ్యి కన్యకకు నిప్పు తప్ప దారి చూపలేదా? ఆయన కాలం తెలియక కాదు ఈ అడగడం. బతికి నిలదీసిన కోమటిపిల్లను 1912లో ఏ ఇల్లు దాచుకునేది? అందుకే ఆయన ముగింపును ముట్టుకోకుండా నీ మాటను పెంచారు. మన కథకులందరూ చేసిందే అది. చావు పెద్దలదిగా ఉంచేశారు, నోరు నీకిచ్చారు. వినేవాళ్లకు అది చాలలేదు. చాలలేదు కాబట్టే మళ్లీ చెప్పమంటారు. నీ కథ ముగిసిందని ఒప్పుకోని పిల్ల ఊరికొకర్తి ఎప్పుడూ ఉంటుంది.

బాలనాగమ్మ చావలేదు. మాయల ఫకీరు కోటలో నోము పేరు చెప్పి ఏళ్ల తరబడి వాణ్ణి గుమ్మం అవతలే నిలబెట్టింది. కత్తి లేదు, మంత్రం లేదు, రేపు అనే ఒక్క మాట. కొడుకు బాలవర్ధి పెరిగి వచ్చి, ఏడు సముద్రాల అవతలి చిలకను పట్టేదాకా ఆ రేపటిని లాక్కొచ్చింది. సురభి వాళ్లు ఆ నాటకం వేస్తే ఫకీరు గారడీలకు మగపిల్లలు చప్పట్లు కొడతారు. అసలు గారడీ ఎవరిదో ఆడపిల్లలకు తెలుసు.

ఇచ్ఛాపురం వైపు పోతే నువ్వు ఒడియా కూడా మాట్లాడతావు. భాద్రపద ఆదివారాల్లో ఒడియా ఆడపిల్లలు ఖుదురుకుణి నోము పట్టి తపోయి కథ వింటారు. ఏడుగురు అన్నల ముద్దుల చెల్లెలు తపోయి. అన్నలు ఓడలెక్కి వ్యాపారానికి పోతే వదినలు మేకలు కాయించారు, నూకలూ తవుడూ తినిపించారు. చిన్నవదిన ఒక్కతే దయతలచింది. మంగళాదేవి కరుణించి అన్నలు తిరిగొచ్చారు. తరవాతది వినండి. ఫ్రాన్సులో పెరో దొర 1697లో చెప్పిన సిండరెల్లా తనను ఏడిపించిన అక్కల్ని క్షమించి, దగ్గరుండి గొప్పింటి సంబంధాలు చూసింది. మన తపోయి కత్తి తీసుకుని వదినలందరి ముక్కులూ కోసేసింది, చిన్నవదిన ముక్కు తప్ప. నోము కథ ఇది, పసుపూ కుంకుమా పెట్టి వినే కథ! మొన్నమొన్న 1979లో ఇంగ్లండు రచయిత్రి ఏంజెలా కార్టర్ పాత కథ తిప్పి రాసి, పిల్లను చంపబోయిన అల్లుణ్ణి గుర్రమెక్కి వచ్చిన తల్లి చేత కాల్పిస్తే లోకం అబ్బురపడింది. సోంపేట అమ్మమ్మలకు అదేమంత వింత కాదు.

ఓల్గా గారి ‘విముక్త’ చదివినా నువ్వే. సీత వెళ్లి శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలుసుకోవడం, ఆడవాళ్లు ఆడవాళ్లతో మాట్లాడుకోవడం. 2015లో ఆ పుస్తకానికి సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో తెరిచిన కథానిలయంలో అచ్చయిన కథకు చోటుంది. అచ్చెక్కని నీకు ముసలమ్మల నోరే నిలయం.

ఒక్కోసారి నువ్వు కథలోంచి రావు, రోడ్డు మీంచి కథలోకి పోతావు. మందస జమీందారీలో అడవి కర్ర కోసం రైతులు కలబడ్డ రోజులు. 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో రైతుల్ని పట్టుకుపోతున్న పోలీసులకు సాసుమాన గున్నమ్మ అడ్డం నిలిచింది. కడుపుతో ఉంది. కాల్చేశారు. ఇప్పుడా ఊరి పేరు వీరగున్నమ్మపురం. రికార్డులో ఆమె గురించి ఎన్ని వాక్యాలున్నాయో గాని, పాటలో ఆమె ఇంకా బండికి అడ్డంగానే ఉంది. ఏ రాజూ తరిమెయ్యలేదు ఆమెను, ఏ నోమూ చెయ్యలేదు. మా మనిషిని పోనివ్వనంది, అంతే.

ఒక్కోసారి గెలుస్తావు కూడా. అనగనగా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. అందులో అక్కచెల్లెళ్లు. బరువులెత్తుతానంటే సన్నగా ఉన్నావు పొమ్మన్నారు ఒక పిల్లను. తల్లి ఆ పిల్లను వెనక్కి తగ్గనివ్వలేదు. ఇక్కడి నుంచి అంకెలు వస్తాయి, ముసలమ్మలు అంకెలు కూడా పాఠంలా చెబుతారు. 2000 సెప్టెంబరు 19, సిడ్నీ, 69 కిలోల తరగతి. స్నాచ్‌లో 110, ఆ తరవాత 130, మొత్తం 240. భారతదేశపు ఆడపిల్లకు ఒలింపిక్స్‌లో తొలి పతకం, కంచుది. అక్కడితో ఆగలేదు కరణం మల్లీశ్వరి. కంచు ఖాయమయ్యాక బంగారానికి గురిపెట్టి 137.5 పట్టింది. జారిపోయింది. ఉన్నది చాల్లే అనుకునే పిల్ల అయితే ఆ ఇనుము జోలికి పోయేదే కాదు. పతకం కన్నా ఆ జారిపోయిన బరువంటేనే నాకు ముచ్చట.

దండమే నీకు, ఉప్పూ జడా నోమూ బరువూ అన్నీ ఎత్తినదానా. నిన్ను చెప్పేవాళ్లకు దండం, మధ్యలో అడ్డం తగిలేవాళ్లకు ఇంకా పెద్ద దండం. కథ కన్యక దాకా వచ్చింది. గుండం మండుతోంది, రాజు వచ్చాడు. ఊకొట్టడం ఆపేసి ఒక గుంట లేచి కూర్చుంటుంది.

"అమ్మమ్మా, రాజు పక్కనే ఉన్నాడు గదా. ఆడినే తొయ్యలేదేటి?"

"అలగ లేదే కతలో."

"ఉంటే ఏటవుతాది?"

"సర్లే, తోసినాది. ఊకొట్టు."